భారతీయ చలనచిత్ర పితామహుడు - దాదాసాహెబ్ ఫాల్కే

కవిత్వం, సంగీతం, నాట్యం, చిత్రలేఖనం, శిల్పం అనే లలితకళలు వేల ఏళ్ళ నాటివి. వాటికి తొలిరూపం ఇచ్చిన మహనీయులు ఎవరో చరిత్రకు తెలియదు. చలనచిత్రకళ అటువంటిది కాదు. అది నిన్నమొన్న పుట్టిన కళ. 1895 డిసెంబరు 28న ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్‌లో లూమియేర్ సోదరులు రుసుము తీసుకొని కదిలే బొమ్మలను ప్రదర్శించారు. ఏడు నెలలు తిరగకముందే, 1896 జూలై 7న, ఆ వింత బొంబాయిలోని వాట్సన్ హోటలుకు చేరింది. రైలుబండి రావడం, కార్మికులు కర్మాగారం నుంచి బయటికి నడవడం వంటి చిన్న చిన్న దృశ్యాలను చూసి జనం ఆశ్చర్యపోయారు. అయితే అది వినోదమే గాని కళ కాలేదు. కదిలే బొమ్మతో మన కథను మనమే చెప్పుకోగలమని నిరూపించి, ఆ వింతను ఈ దేశంలో ఒక కళగా నిలబెట్టిన వ్యక్తి దాదాసాహెబ్ ఫాల్కే.

ఫాల్కే అసలు పేరు ధుండిరాజ్ గోవింద ఫాల్కే. ఆయన 1870 ఏప్రిల్ 30న నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరంలో జన్మించారు. మన గోదావరి నది పుట్టిన పుణ్యక్షేత్రం అది. తండ్రి గొప్ప సంస్కృత పండితుడు. ఇంట్లో నిత్యం వినిపించే పురాణ కథలు బాలుడైన ధుండిరాజ్ మనస్సులో చెరగని ముద్ర వేశాయి. కళల పట్ల అతనికి గల ఆసక్తిని పెద్దలు గుర్తించారు. తండ్రికి బొంబాయిలో అధ్యాపక పదవి లభించడంతో కుటుంబం అక్కడికి తరలివెళ్ళింది. 1885లో ధుండిరాజ్ సర్ జె.జె. కళాశాలలో చేరి చిత్రలేఖనం అభ్యసించాడు. ఆ తరువాత బరోడాలోని కళాభవన్‌లో తైలవర్ణ చిత్రలేఖనం, ఛాయాగ్రహణం నేర్చుకున్నాడు.

అక్కడితో ఆయన విద్య ముగియలేదు. చేతికి అందిన ప్రతి విద్యనూ ఆయన శ్రద్ధగా నేర్చారు. గోధ్రాలో ఫొటో స్టూడియో నడిపారు. నాటకశాలలకు తెరలు చిత్రించారు. ఒక జర్మన్ ఐంద్రజాలికుని వద్ద ఇంద్రజాలం నేర్చుకొని, తన పేరులోని అక్షరాలను తిరగవేసి ప్రొఫెసర్ కెల్ఫా అనే పేరుతో ప్రదర్శనలు ఇచ్చారు. కొంతకాలం పురావస్తు శాఖలో ఛాయాగ్రాహకుడుగా, చిత్రకారుడుగా ఉద్యోగం చేశారు. లోనావలాలో రవివర్మ చిత్రాలను ముద్రించే ముద్రణాలయానికి పనిచేశారు. రవివర్మ తూలికలో రూపుదిద్దుకొన్న దేవతామూర్తులు అచ్చు ద్వారా సామాన్యుల ఇళ్ళ గోడలమీదికి చేరిన రోజులవి. దేవుని బొమ్మ ప్రజల హృదయాలను ఎంతగా ఆకట్టుకుంటుందో ఫాల్కే అక్కడే గ్రహించారు. తరువాత సొంతంగా ముద్రణాలయం స్థాపించి, 1909లో జర్మనీ వెళ్ళి రంగుల ముద్రణకు కావలసిన యంత్రాలు తెచ్చారు.

ఈ మధ్యకాలంలో ఆయన జీవితంలో తీరని విషాదం సంభవించింది. 1900 ప్రాంతంలో ప్లేగు వ్యాధి సోకి మొదటి భార్య, బిడ్డ మరణించారు. రెండేళ్ళకు ఆయన మళ్ళీ వివాహం చేసుకున్నారు. అలా ఆ ఇంట అడుగుపెట్టిన సరస్వతీబాయి తరువాతి కాలంలో భర్త సాధనలో సగభాగం పంచుకున్నారు. ముద్రణాలయం మంచి పేరు తెచ్చుకుంటున్న సమయంలోనే భాగస్వాములతో అభిప్రాయభేదాలు వచ్చాయి. ఫాల్కే అన్నిటినీ వదులుకొని బయటికి వచ్చేశారు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. ఉద్యోగం లేదు. చేతిలో ధనం లేదు. పోషించవలసిన సంసారం ఉంది.

అటువంటి దినాల్లో ఆయన బొంబాయిలోని గిర్‌గాం ప్రాంతంలో గుడారంలో ప్రదర్శిస్తున్న ఏసుక్రీస్తు జీవిత చిత్రాన్ని చూశారు. తెరమీద క్రీస్తు కదలాడుతూ ఉంటే ఆయన మనోనేత్రానికి రాముడు, కృష్ణుడు, గోకులం, అయోధ్య కనిపించాయి. మన దేవతలు, మన పురాణపురుషులు ఇలా తెరమీద ఎప్పుడు నడుస్తారన్న ఆలోచన ఆయనను నిద్రపోనివ్వలేదు. మరునాడు భార్యను వెంటబెట్టుకొని వెళ్ళి అదే చిత్రం మళ్ళీ చూశారు. ఆనాటినుంచి వచ్చిన ప్రతి చిత్రాన్నీ చూడడం, ఇంటికి వచ్చి పుస్తకాలు చదవడం, చిన్న యంత్రంతో ప్రయోగాలు చేయడం ఆయన దినచర్యగా మారింది. విశ్రాంతి లేని ఆ శ్రమకు కంటిచూపు మందగించి, అంధత్వం ముంచుకొచ్చే ప్రమాదం ఏర్పడింది. వైద్యుని సకాల చికిత్స వల్ల చూపు నిలిచింది. బొమ్మలనే నమ్ముకొన్న వ్యక్తికి చూపు పోతే మిగిలేది ఏమీ లేదు. అయినా ఆయన వెనుకంజ వేయలేదు.

చలనచిత్ర నిర్మాణం నేర్చుకోవాలంటే ఇంగ్లండు వెళ్ళాలి. అందుకు డబ్బు కావాలి. ఫాల్కే తన జీవిత బీమా పత్రాన్ని తాకట్టు పెట్టి 1912 ఫిబ్రవరిలో లండను ప్రయాణమయ్యారు. ముక్కూ ముఖమూ తెలియని ఆ నగరంలో ఒక చలనచిత్ర పత్రిక కార్యాలయానికి నేరుగా వెళ్ళి, దాని సంపాదకుని పరిచయం చేసుకున్నారు. ఆయన ద్వారా సెసిల్ హెప్‌వర్త్ అనే ప్రసిద్ధ నిర్మాత పరిచయమయ్యాడు. హెప్‌వర్త్ తన స్టూడియో తలుపులు ఈ భారతీయునికి తెరిచి, పనితీరును వివరంగా చూపించాడు. ఫాల్కే ఒక విలియమ్సన్ కెమెరాను, ఫిల్ముకు రంధ్రాలు వేసే యంత్రాన్ని, ముడి ఫిల్మును కొనుగోలు చేసి రెండు నెలల్లో స్వదేశం చేరుకున్నారు.

యంత్రం వచ్చింది కాని పెట్టుబడి రాలేదు. చలనచిత్రమంటే ఏమిటో తెలియని ధనవంతులకు నమ్మకం కలిగించడం ఎలా? ఫాల్కే ఒక ఉపాయం ఆలోచించారు. కుండీలో బఠానీ గింజ నాటారు. దాని ఎదుట కెమెరా నిలిపి, ఒక నెలకు పైగా ప్రతిదినం కొద్దికొద్దిగా చిత్రీకరించారు. గింజ మొలకెత్తడం, మొలక తీగగా సాగడం తెరమీద ఒక నిమిషంలోనే జరిగిపోయింది. నెలరోజుల కాలాన్ని నిమిషంలోకి కుదించగల శక్తి ఆ కొత్త కళకే ఉందని చూసినవారు గ్రహించారు. ఒక స్నేహితుడు అప్పు ఇవ్వడానికి ముందుకు వచ్చాడు. అది చాలకపోతే సరస్వతీబాయి తన నగలు ఇచ్చారు.

మొదటి చిత్రానికి ఫాల్కే ఎన్నుకున్న ఇతివృత్తం సత్యహరిశ్చంద్రుని కథ. ఆడిన మాట తప్పని ఆ రాజు కథ దేశమంతటా ప్రజలకు కంఠస్థం. తెలుగునాట కూడా హరిశ్చంద్ర నాటకం ఊరూరా ప్రదర్శించిన విషయం మనకు తెలిసిందే. తెరమీద మాట వినిపించని ఆ కాలంలో, ప్రేక్షకునికి ముందే తెలిసిన కథను ఎన్నుకోవడంలో ఆయన వివేకం కనిపిస్తుంది. కాని నటీనటులు దొరకడం దుర్లభమైంది. పత్రికల్లో ప్రకటనలు వేసినా కులస్త్రీలు గాని, వేశ్యలు గాని కెమెరా ముందుకు రావడానికి అంగీకరించలేదు. చివరకు ఒక ఫలహారశాలలో పనిచేసే సాలుంకే అనే యువకుని సన్నని వేళ్ళు, సుకుమారమైన రూపం ఫాల్కే కంటబడ్డాయి. ఆ యువకుడే తారామతి అయ్యాడు. హరిశ్చంద్రునిగా దాబ్కే నటించాడు. లోహితాస్యుని పాత్రకు ఫాల్కే కుమారుడు భాలచంద్ర ఎంపికయ్యాడు. ఆడవేషం ధరించేవారు మీసం తీయడానికి సైతం సంకోచించేవారట. సినిమాలో పనిచేస్తున్నామని చెప్పుకోవడం అవమానంగా భావించే రోజులు కావడంతో, హరిశ్చంద్రుని కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నామని బయట చెప్పుకొమ్మని ఫాల్కే తనవారికి సలహా ఇచ్చారు. ఆ మాటను ఆధారం చేసుకొని పరేశ్ మోకాశీ అనే దర్శకుడు 2009లో ‘హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ’ అనే మరాఠీ చిత్రాన్ని నిర్మించాడు.

నిజంగానే ఆ ఇల్లు ఒక కర్మాగారం. దాదర్‌లోని నివాసమే కార్యాలయం, వంటశాలే ప్రయోగశాల. కథారచన, దర్శకత్వం, రంగాలంకరణ, కూర్పు మొదలైన బాధ్యతలన్నీ ఫాల్కేవే. పగలంతా పనివారికి వండి వడ్డించిన సరస్వతీబాయి, రాత్రి చీకటిగదిలో కూర్చొని ముడి ఫిల్ము అంచుల వెంట రంధ్రాలు వేసేవారు. రసాయన ద్రావణాలు కలిపి ఫిల్మును కడిగేవారు. ఎండలో చిత్రీకరణ జరిగేటప్పుడు నటుల ముఖాలమీదికి వెలుగు మళ్ళించడానికి గంటల తరబడి తెల్లని దుప్పట్లు పట్టుకొని నిలబడేవారు. తారామతి పాత్ర ధరించమని భర్త కోరగా, ఇన్ని పనుల మధ్య నటన కూడా తనవల్ల కాదని ఆమె నిరాకరించారట. తెరమీద కనిపించకపోయినా తెర వెనుక ఆమె లేనిదే ఆ చిత్రం లేదు. భారతీయ చలనచిత్ర చరిత్రలో మొదటి స్త్రీ సాంకేతిక నిపుణురాలిగా ఆమెను పేర్కొనడం సముచితం.

‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3న బొంబాయిలోని కారొనేషన్ సినిమాలో విడుదలైంది. నాలుగు రీళ్ళ ఆ చిత్రం నిడివి 3,700 అడుగులు. దానికి ఏడాది ముందే ‘పుండలీక్’ అనే నాటకాన్ని కెమెరాతో చిత్రించి ప్రదర్శించారు. అది రంగస్థలం మీద జరిగిన నాటకానికి నకలు మాత్రమే. ఫాల్కే చేసిన పని వేరు. ఆయన కెమెరా కోసమే కథను దృశ్యాలుగా విభజించారు. ఆరుబయట అడవులలో, నదీతీరాలలో చిత్రీకరించారు. దృశ్యానికీ దృశ్యానికీ నడుమ హిందీ, ఇంగ్లీషు భాషలలో వాక్యాలు చూపించి కథను నడిపించారు. ఇంద్రజాల విద్య అక్కరకు వచ్చి, దేవతలు ప్రత్యక్షం కావడం, మాయం కావడం తెరమీద సాధ్యమైంది. రవివర్మ చిత్రాలలోని నిండైన కూర్పు ఆయన దృశ్యాలలో కనిపిస్తుంది. అంతవరకు ఆయన నేర్చిన చిత్రలేఖనం, ఛాయాగ్రహణం, ముద్రణ, రంగాలంకరణ, ఇంద్రజాలం అన్నీ ఒక్కచోట కలిశాయి. చూసేవారికి గమ్యం లేని తిరుగుడుగా తోచిన ఆయన యౌవనమంతా నిజానికి ఈ ఒక్క కళకు సన్నాహమే.

ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. దానిని ఊరూరా ప్రచారం చేయడంలోనూ ఫాల్కే నేర్పు చూపారు. ఆరు గంటల నాటకం రెండణాలకు చూడడానికి అలవాటుపడిన సూరత్ ప్రజలు గంటన్నర ఆటకు మూడణాలు ఇవ్వడానికి ఇష్టపడలేదు. అప్పుడు ఆయన యాభై ఏడు వేల ఛాయాచిత్రాలను, రెండు మైళ్ళ పొడవు బొమ్మను మూడణాలకే చూడవచ్చునని ప్రకటన చేయించారు. జనం బారులు తీరారు.

తరువాత నాసిక్‌కు నివాసం మార్చి ఫాల్కే వరుసగా చిత్రాలు నిర్మించారు. ‘మోహినీ భస్మాసుర’ చిత్రంలో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించి, స్త్రీలు తెరమీదికి వచ్చే బాట వేశారు. 1914లో తన చిత్రాలను లండనులో ప్రదర్శించగా అక్కడివారు ప్రశంసించారు. ఇంగ్లండులోనే ఉండి చిత్రాలు తీయమన్న ఆహ్వానాన్ని ఆయన మృదువుగా తిరస్కరించారు. ఈ పరిశ్రమ తన దేశంలోనే వేరూనాలన్నది ఆయన పట్టుదల. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో పెట్టుబడి పెట్టేవారు వెనుదిరిగారు. మళ్ళీ కష్టాలు చుట్టుముట్టాయి. వాటిని తట్టుకొని 1917లో ఆయన నిర్మించిన ‘లంకాదహనం’ అఖండ విజయం పొందింది. అందులో రాముడుగా, సీతగా సాలుంకే ఒక్కడే నటించాడు. రాముడు తెరమీద కనిపించగానే ప్రేక్షకులు లేచి నమస్కరించేవారని, మద్రాసులో వసూలైన నాణేలను ఎద్దుబండిలో తరలించవలసి వచ్చిందని చెబుతారు.

ఆయన శైలి క్రమంగా పరిణతి చెందింది. తొలి చిత్రంలో కెమెరా దూరంగా నిలిచి, నాటకం చూసే ప్రేక్షకునివలె దృశ్యాన్ని మొత్తంగా చూసేది. 1919లో వచ్చిన ‘కాళీయమర్దనం’ నాటికి పరిస్థితి మారింది. ఆ చిత్రంలో బాలకృష్ణునిగా ఆయన చిన్నారి కుమార్తె మందాకిని నటించింది. ఆరంభంలోనే ఆ బాలిక ముఖాన్ని దగ్గరగా చూపుతూ, వివిధ భావాలు మారడాన్ని కెమెరా గ్రహిస్తుంది. మడుగులో కృష్ణుడు కాళీయునితో పోరాడుతుండగా, ఒడ్డున ఆందోళన చెందుతున్న జనాన్ని మధ్యమధ్య చూపడం మరొక విశేషం. రెండు చోట్ల ఒకే సమయంలో జరిగే సంఘటనలను కూర్పు ద్వారా జోడించి ఉత్కంఠ కలిగించడం నాటకానికి సాధ్యం కాదు. అది చలనచిత్రానికే చెల్లిన భాష. చలనచిత్రాలు ఎలా తయారవుతాయో సామాన్యులకు వివరించే చిన్న చిత్రాన్ని కూడా ఆయన తీశారు. తన విద్యను రహస్యంగా దాచుకోవాలన్న సంకుచితత్వం ఆయనలో లేదు.

1918లో బొంబాయి వ్యాపారులతో కలిసి ఆయన హిందుస్థాన్ ఫిల్మ్ కంపెనీ స్థాపించారు. ధనానికి లోటు తీరింది కాని స్వేచ్ఛకు లోటు వచ్చింది. ఖర్చు తగ్గించాలని, త్వరగా ముగించాలని భాగస్వాములు ఒత్తిడి చేసేవారు. ఫాల్కే దృష్టి చిత్రం నాణ్యత మీద, వారి దృష్టి లాభనష్టాల మీద. రాజీపడలేక ఆయన సంస్థను వదిలి కాశీ వెళ్ళిపోయారు. అక్కడ నాటకరంగాన్ని విమర్శిస్తూ ‘రంగభూమి’ అనే నాటకం రచించారు. కొన్నేళ్ళకు మిత్రులు నచ్చజెప్పగా తిరిగివచ్చి అదే సంస్థలో దర్శకత్వం వహించారు. కాని పూర్వపు వైభవం మళ్ళీ రాలేదు.

అందుకు కారణం ఆయన ప్రతిభ తగ్గడం కాదు. కాలం మారింది. కళ తన రూపాన్ని మార్చుకుంది. 1925లో బాబూరావ్ పెయింటర్ ‘సావకారీ పాశ్’ చిత్రంలో వడ్డీవ్యాపారి చేతిలో భూమి కోల్పోయిన రైతు కథను చూపారు. దేవతల స్థానంలో మనుషులు, స్వర్గలోకపు వైభవం స్థానంలో పల్లెటూరి పేదరికం తెరమీదికి వచ్చాయి. 1931 మార్చి 14న అర్దేషిర్ ఇరానీ నిర్మించిన ‘ఆలం ఆరా’తో బొమ్మకు మాట వచ్చింది. ఒక్క ఏడాదిలో మూకీల కళ పాతబడింది. చేతుల కదలికతో, కనుబొమల విరుపుతో భావం పలికించే అభినయానికి బదులు సహజమైన సంభాషణ, పాట ప్రధానమయ్యాయి. ఫాల్కే 1932లో పూర్తిచేసిన ‘సేతుబంధనం’ మూకీగా నిర్మితమై, తరువాత శబ్దం జతచేసుకోవలసి వచ్చింది. అరవై ఏడేళ్ళ వయస్సులో, 1937లో, కొల్హాపూర్ సంస్థ కోసం ఆయన ‘గంగావతరణం’ తీశారు. అదే ఆయన తీసిన ఏకైక టాకీ, ఆఖరి చిత్రం కూడా.

మన తెలుగు చలనచిత్రరంగంలోనూ అదే మార్పు కనిపిస్తుంది. పౌరాణికాలతో మొదలైన తెలుగు సినిమా, గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) చిత్రాలతో సాంఘిక సమస్యలవైపు మళ్ళింది. ఒక తరం కనిపెట్టిన మార్గాన్ని మరొక తరం విస్తరిస్తుంది, ఒక్కొక్కసారి విడిచిపెడుతుంది. ఆ విధంగా విడిచిపెట్టగల స్వేచ్ఛ కూడా తొలిమార్గం వేసినవాని కానుకే. ‘సావకారీ పాశ్’ తీసినవారికీ, ‘మాలపిల్ల’ తీసినవారికీ, తెరమీద మన కథ చెప్పుకోవచ్చునన్న ధైర్యాన్ని ముందుగా ఇచ్చినది ‘రాజా హరిశ్చంద్ర’.

ఫాల్కే చివరి రోజులు నాసిక్‌లో గడిచాయి. సుమారు 95 పెద్ద చిత్రాలు, 26 లఘుచిత్రాలు నిర్మించిన ఆ వ్యక్తి వృద్ధాప్యంలో కలిమికి, ఖ్యాతికి దూరంగా జీవించారు. కోట్ల రూపాయల పరిశ్రమగా ఎదుగుతున్న రంగం తనకు జన్మనిచ్చినవానిని దాదాపు మరచిపోయింది. 1944 ఫిబ్రవరి 16న ఆయన కన్నుమూశారు. ఆయన చిత్రాలలో అధికభాగం ఈనాడు లభ్యం కావడం లేదు. నాటి ఫిల్ము త్వరగా నిప్పంటుకొనేది, కాలక్రమంలో పొడిపొడిగా రాలిపోయేది. ‘రాజా హరిశ్చంద్ర’లో కూడా కొన్ని రీళ్ళు మాత్రమే మిగిలాయి. అవి సైతం 1917లో ఆయన మళ్ళీ తీసిన రూపానివని కొందరు పరిశోధకుల అభిప్రాయం. శిలాశాసనం వేయి సంవత్సరాలు నిలుస్తుంది. వెలుగుతో రాసిన బొమ్మను మాత్రం తరువాతి తరాలు పనిగట్టుకొని కాపాడుకోవాలి. ఈ సత్యాన్ని గుర్తించేసరికే మనం ఎంతో సంపదను కోల్పోయాం.

భారత ప్రభుత్వం 1969లో ఆయన పేరిట దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని నెలకొల్పింది. చలనచిత్రరంగంలో జీవితకాల కృషికి మన దేశంలో ఇచ్చే అత్యున్నత గౌరవం అది. తెలుగువారిలో బి.ఎన్.రెడ్డి, ఎల్.వి.ప్రసాద్, బి.నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు, డి.రామానాయుడు, కె.విశ్వనాథ్ మొదలైన ప్రముఖులు దానిని అందుకున్నారు.

నలభై ఏళ్ళు దాటిన వయస్సులో, చేతిలో పైకం లేకుండా, తెలిసినవారు ఎగతాళి చేస్తున్నా లెక్కచేయక ఫాల్కే ఒక కొత్త కళను ఈ నేలపై నాటారు. అంతకుముందు నేర్చిన ఏ విద్యనూ ఆయన వృథా కానీయలేదు. ఇంటిల్లిపాదీ ఆ శ్రమలో పాలుపంచుకున్నారు. ఈనాడు వెండితెరమీద బొమ్మ వెలిగినప్పుడు, దాని వెనుక దాదర్‌లోని ఒక చిన్న వంటగదిలో దీపం ఆర్పి, చీకట్లో చేతివేళ్ళతో తడుముకుంటూ ఫిల్ముకు రంధ్రాలు వేసిన ఒక ఇల్లాలి శ్రమ, గింజ మొలకెత్తే వరకు ఓపికగా కెమెరా ముందు నిలిచిన ఒక సాధకుని పట్టుదల ఉన్నాయని మనం కృతజ్ఞతతో స్మరించుకోవాలి.